వినికిడి తగ్గిన పెద్దలకు ఖుత్బా అందాలంటే

జుమా రోజున మన మస్జిదులలో మొదటి సఫ్‌లో కూర్చునే పెద్దలను గమనించండి. వారిలో కొందరు అజాన్‌కు ఎంతో ముందుగానే వచ్చి, మింబర్‌కు వీలైనంత దగ్గరగా చోటు చూసుకుంటారు. తొందరగా రావడంలోని పుణ్యం అందుకొక కారణం. రెండవ కారణాన్ని వారు సాధారణంగా పైకి చెప్పరు. నాలుగు వరుసలు వెనక్కి జరిగితే ఖతీబ్ చెప్పేది వారికి బోధపడదు. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు.

ఇతర సభలలో ఇటువంటి ఇబ్బంది కలిగినవారు పక్కనున్నవారిని "ఏమన్నారు?" అని అడిగి తెలుసుకోగలరు. ఖుత్బా విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. ఖుత్బా సాగుతున్నంతసేపూ మౌనంగా ఆలకించడం విధి. పక్కవారితో మాట్లాడరాదు, మాట్లాడుతున్నవారిని వారించడానికైనా నోరు విప్పరాదు. కనుక వినికిడి తగ్గిన పెద్దలు ఆ సమయమంతా జనం నడుమ ఉండి కూడా ఒంటరిగానే గడుపుతారు. ఇంటికి వెళ్లాక పిల్లలు "ఈ రోజు ఖుత్బా దేని గురించి?" అని అడిగితే మాట దాటవేస్తారు.

ఇది ఏ ఒకరిద్దరి సమస్యో కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లకు పైగా ప్రజలకు ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉంది. 60 ఏళ్లు దాటినవారిలో నాలుగోవంతుకు మించినవారిని ఈ లోపం జీవితానికి ఆటంకమయ్యే స్థాయిలో బాధిస్తున్నది. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం నేడు మన మస్జిదులలో కుర్చీలు వేస్తున్నాము. మెట్లెక్కలేనివారి కోసం కొన్నిచోట్ల వాలు దారులు కడుతున్నాము. చెవి విషయంలో మాత్రం మైకు శబ్దం పెంచడం తప్ప మరో ఉపాయం ఉన్నదని చాలామందికి తెలియదు.

ఆ ఉపాయం పేరు ఇండక్షన్ లూప్. తెలుగులో 'వినికిడి వలయం' అనవచ్చు. హాలు చుట్టూ పరచిన ఒక రాగి తీగ ద్వారా, ఖతీబ్ మాటను నేరుగా వినికిడి యంత్రంలోకి చేర్చే ఏర్పాటు ఇది. బ్రిటన్‌లో ప్రార్థనా స్థలాలు, సభా మందిరాలు, బ్యాంకు కౌంటర్లు, రైల్వే టికెట్ కిటికీల వద్ద దీనిని విరివిగా వాడుతున్నారు. మస్జిద్ కట్టించే పెద్దలు, ముతవల్లీలు, ఇంజినీర్లు, ఎలక్ట్రీషియన్లు దీని గురించి తెలుసుకోవలసినవి ఏమిటో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

శబ్దం పెంచితే చాలదా?

వయసుతో పాటు వచ్చే వినికిడి లోపం అన్ని ధ్వనులనూ సమానంగా తగ్గించదు. అది సాధారణంగా హెచ్చు స్థాయి ధ్వనులతో మొదలవుతుంది. అచ్చులు బాగానే వినిపిస్తాయి. స, శ, ష, ఫ, త వంటి హల్లులు జారిపోతాయి. అరబీలోని సీన్, సాద్, షీన్, సే అక్షరాల మధ్య భేదం చెరిగిపోతుంది. అందుకే పెద్దలు "వినిపిస్తూనే ఉంది, అర్థం కావడం లేదు" అంటారు. అది సాకు కాదు. వారి స్థితిని ఉన్నదున్నట్లు చెప్పే మాట.

వినికిడి యంత్రం ఈ లోపాన్ని కొంత పూరిస్తుంది. అయితే దాని మైకు చెవి దగ్గరే ఉంటుంది, ఖతీబ్ నోటి దగ్గర కాదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. విశాలమైన హాలులో మాత్రం చిక్కు వస్తుంది. పాలరాయి నేల, గచ్చు గోడలు, గుమ్మటం, ఎత్తైన పైకప్పు ఇవన్నీ ధ్వనిని తిప్పికొడతాయి. ఒక్కొక్క మాటా పలుమార్లు ప్రతిధ్వనించి తరువాతి మాట మీద పడుతుంది. దానికి పంకాల హోరు, పిల్లల సందడి, వీధిలోని రాకపోకల చప్పుడు తోడవుతాయి. యంత్రం వీటన్నిటినీ కలిపి పెద్దది చేస్తుంది. అప్పుడు లౌడ్‌స్పీకర్ శబ్దం పెంచితే మాటతో పాటు ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది. వినికిడి బాగున్నవారికి తలనొప్పి, లేనివారికి అదే అయోమయం.

కాబట్టి చేయవలసింది ధ్వనిని పెంచడం కాదు, దూరాన్ని తొలగించడం. ఖతీబ్ ముందున్న మైకు పట్టుకున్న స్వచ్ఛమైన మాటను, హాలు గాలిలో కలవనీయకుండా, వినేవారి చెవి వరకూ తీసుకుపోవాలి.

తీగ చుట్టు చేసే పని

తీగలో మారుతూ ప్రవహించే విద్యుత్తు తన చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. ఆ క్షేత్రంలో మరో చిన్న తీగచుట్ట ఉంటే, మధ్యలో ఏ తాకిడీ లేకుండానే అందులో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే నిరూపించిన ఈ విద్యుదయస్కాంత ప్రేరణే లూప్‌కు మూలం. వినికిడి కోసం దీనిని వాడే విధానానికి 1937లో బ్రిటన్‌లో జోసెఫ్ పోలియాకాఫ్ పేటెంట్ తీసుకున్నారు.

ఏర్పాటులో నాలుగు భాగాలుంటాయి. మొదటిది, ఖతీబ్ ముందున్న మైకు. రెండవది, ఆ మైకు సంకేతాన్ని అందుకునే ప్రత్యేకమైన లూప్ ఆంప్లిఫయర్. మూడవది, హాలు చుట్టూ తిరిగి మళ్లీ ఆంప్లిఫయర్‌నే చేరే తీగ. నాలుగవది, వినేవారి యంత్రంలో ముందునుంచే ఉండే టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట. వినికిడి యంత్రాన్ని 'టి' అనే స్థానానికి మార్చగానే అది గాలిలోని చప్పుళ్లను వదలి, అయస్కాంత క్షేత్రంలోని మాటను మాత్రమే అందుకుంటుంది. ఆపై ఆ చెవికి ఏ స్థాయి ధ్వని ఎంత కావాలో అంతే పెంచి అందిస్తుంది.

ఇందులోని గొప్ప సౌలభ్యం మరొకటి ఉంది. వచ్చినవారు ఎవరినీ ఏ పరికరమూ అడగనవసరం లేదు, మెడలో ఏదీ తగిలించుకోనవసరం లేదు. తమ లోపాన్ని నలుగురిలో చాటుకోకుండానే వచ్చి, కూర్చుని, వినవచ్చు. ఆత్మాభిమానం గల పెద్దలకు ఇది చిన్న విషయం కాదు.

మామూలు లౌడ్‌స్పీకర్ ఆంప్లిఫయర్‌కు ఈ తీగను తగిలిస్తే పని జరుగుతుందని కొందరు ఎలక్ట్రీషియన్లు భావిస్తారు. అది సరికాదు. పొడవైన తీగ చుట్టు హెచ్చు స్థాయి ధ్వనులకు ఎక్కువ అవరోధాన్ని కలిగిస్తుంది. మామూలు ఆంప్లిఫయర్‌తో నడిపితే సరిగ్గా పెద్దలకు కావలసిన ఆ హల్లులే బలహీనపడతాయి, ఆంప్లిఫయర్ కూడా చెడిపోవచ్చు. లూప్ ఆంప్లిఫయర్ తీగలో ఎంత విద్యుత్తు ప్రవహించాలో దానిని అన్ని స్థాయిలలోనూ నిలకడగా ఉంచుతుంది.

పరచడానికి ముందు పరిశీలన

తీగ కొనడానికి ముందే హాలులో రెండు విషయాలు పరీక్షించాలి.

మొదటిది, ఇప్పటికే అక్కడ ఉన్న అయస్కాంత గోల. మన విద్యుత్తు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఫేజ్ తీగ, న్యూట్రల్ తీగ పక్కపక్కనే వెళితే వాటి క్షేత్రాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పాత కట్టడాలలో అవి వేర్వేరు దారుల్లో వెళ్లడం, న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌తో కలిసిపోవడం జరుగుతుంటుంది. అప్పుడు హాలే ఒక పెద్ద లూప్‌గా మారి, టెలికాయిల్‌లో ఎడతెగని గుంయ్‌మనే మోత వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ పంకా రెగ్యులేటర్లు, కొన్ని రకాల ఇన్వర్టర్లు కూడా గరగరమనే చప్పుడు కలిగిస్తాయి. కనుక పంకాలు, దీపాలు, ఏసీలు, ఇన్వర్టర్ ఒక్కొక్కటిగా వేసి, టెలికాయిల్ ఉన్న చిన్న రిసీవర్‌తో హాలంతా తిరిగి వినాలి. లోపం ఉంటే ముందు వైరింగ్ బాగుచేయించాలి. ఈ లోపాలలో కొన్ని ప్రమాదకరమైనవి కూడా. కాబట్టి ఆ ఖర్చు వృథా కాదు.

రెండవది, శ్లాబులోని ఇనుము. మన మస్జిదులలో అధికభాగం ఇనుప చువ్వల కాంక్రీటుతో కట్టినవే. ఆ చువ్వల జాలంలో లూప్ వల్ల చిన్న చిన్న ప్రవాహాలు పుట్టి, అవి లూప్ క్షేత్రాన్నే ఎదిరిస్తాయి. క్షేత్రం తగ్గుతుంది, హెచ్చు స్థాయి ధ్వనులలో మరింత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్కవేసి తేల్చడం కష్టం. అందుకని నేల మీద తాత్కాలికంగా ఒక తీగ పరచి, ఆంప్లిఫయర్ తగిలించి, హాలు మధ్యలోనూ అంచులలోనూ కొలిచి చూడడమే నమ్మదగిన పద్ధతి. ఒక పూట పని ఇది. ఇది చేయకుండా టైల్స్ కింద తీగ పూడ్చడం చీకట్లో నడవడమే.

తీగ ఆకృతి, ఎత్తు

అన్నిటికన్నా సరళమైనది హాలు చుట్టూ ఒకే చుట్టుగా తిప్పడం. చిన్న హాలుకు ఇది చాలు. హాలు పెరిగేకొద్దీ విద్యుత్తు అవసరం కూడా పెరుగుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మాట బలంగా పలికే క్షణాలలో క్షేత్ర తీవ్రత మీటరుకు 400 మిల్లీఆంపియర్లు ఉండాలి. నాలుగు వైపులా 5 మీటర్లున్న చదరపు చుట్టు నడిమధ్యలో, తీగ ఉన్న మట్టంలోనే, ఈ తీవ్రత రావాలంటే తీగలో సుమారు 2.2 ఆంపియర్లు ప్రవహించాలి. ఒక్కొక్క వైపు 10 మీటర్లయితే దానికి రెట్టింపు, అంటే 4.4 ఆంపియర్లు. 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు గల హాలుకు 6.3 ఆంపియర్లు. ఇవి ఇనుము ప్రభావం లేని లెక్కలు. చెవి తీగకన్నా ఎత్తులో ఉంటే కొంత, శ్లాబులో ఇనుము ఉంటే మరికొంత ఎక్కువ అవసరమవుతుంది.

తీగ సరిగ్గా చెవి ఎత్తులో ఉండడం మంచిది కాదు. అలా ఉంటే గోడల దగ్గర కూర్చున్నవారికి మరీ గట్టిగా, మధ్యలో ఉన్నవారికి మంద్రంగా వినిపిస్తుంది. తీగ కొంత కిందనో పైనో ఉంటే క్షేత్రం హాలంతటా సమంగా పరుచుకుంటుంది. సభామందిరాలలో కుర్చీలలో కూర్చునేవారి చెవి ఎత్తును 1.2 మీటర్లుగా లెక్కిస్తారు. మస్జిద్‌లో ఆ లెక్క చెల్లదు. మనం ఖుత్బాను నేల మీద కూర్చుని వింటాము. అప్పుడు చెవి నేలకు మీటరు లోపే ఉంటుంది. నమాజులో నిలబడినప్పుడు అది మీటరున్నర దాకా పోతుంది. వెనుక కుర్చీలలో కూర్చునేవారి ఎత్తు ఈ రెంటికీ మధ్యస్థం. బయటి నిపుణులను పిలిపించినప్పుడు ఈ మూడు ఎత్తులనూ వారికి ముందుగానే చెప్పాలని మేము ప్రత్యేకంగా కోరుతున్నాము.

మరో సంగతి. టెలికాయిల్‌ను తల నిటారుగా ఉన్నప్పుడు బాగా పనిచేసేలా అమర్చుతారు. సజ్దాలో తల వాలినప్పుడు అది కూడా పక్కకు ఒరిగి, మాట బాగా తగ్గిపోవచ్చు. తక్బీర్ వినిపించక, తల ఎత్తాలో వద్దో తెలియక ఆ పెద్దలు తడబడతారు. ఇది తీగ లోపం కాదు. చాలా యంత్రాలలో మైకూ టెలికాయిలూ రెండూ కలిసి పనిచేసే 'ఎంటి' స్థానం ఉంటుంది. ఖుత్బాకు 'టి', నమాజుకు 'ఎంటి' వాడుకోమని వారికి తెలియజేయడం మేలు.

హాలు విశాలమైనప్పుడు, లేదా ఇనుము క్షేత్రాన్ని బాగా మింగుతున్నప్పుడు, ఒకే పెద్ద చుట్టుకు బదులు హాలును రెండు మూడు భాగాలుగా విడదీసి చిన్న చుట్లు వేయాలి. రెండు చుట్లను ఎనిమిది అంకె ఆకారంలో, వ్యతిరేక దిశలలో కలిపితే పక్కకు చిమ్మే క్షేత్రం బాగా తగ్గుతుంది. అయితే నడిమి తీగకు సరిగ్గా పైన ఒక సన్నని పట్టీలో ఏమీ వినిపించదు. ఆ తీగను స్తంభాల వరుస వెంట, లేదా నడిచే దారి వెంట పోనివ్వాలి. అంతకన్నా కట్టుదిట్టమైన పద్ధతి కూడా ఉంది. రెండు ఆంప్లిఫయర్లతో, ఒకదానిపై ఒకటి కొంత జరిపి వేసిన రెండు తీగల అల్లికను నడుపుతారు. దానివల్ల ఎక్కడా ఖాళీ పట్టీ లేకుండా, క్షేత్రం బయటకు పెద్దగా చిమ్మకుండా ఉంటుంది. దీనికి నిపుణుల రూపకల్పన తప్పనిసరి.

ఎటువంటి తీగ, ఎలా పరచాలి

తీగ అరుదైన వస్తువేమీ కాదు. ఇళ్ల వైరింగ్‌కు వాడే 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల ఒంటి రాగి వైరు చాలు. 1.5 వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 12.1 ఓములు, 2.5 వైరుకు సుమారు 7.4 ఓములు. పైన చెప్పిన 12, 18 మీటర్ల హాలు చుట్టుకొలత 60 మీటర్లు. అంటే 1.5 వైరుతో సుమారు 0.73 ఓములు, 2.5 వైరుతో 0.44 ఓములు. ఆంప్లిఫయర్ తయారీదారులు ఎంత నిరోధం కోరారో ఆ పరిధిలో ఏ వైరు ఇముడుతుందో చూసి ఎన్నుకోవాలి. లావు తీగ ఎప్పుడూ మేలనుకోవడం పొరపాటు.

పూర్తయిన నేల మీద, కార్పెట్ కింద పరచడానికి బల్లపరుపు రాగి పట్టీ దొరుకుతుంది. ఇది కాగితంలా పలుచగా ఉండి, పైన కార్పెట్ వేశాక కాలికి తగలదు. మూలల దగ్గర దీనిని కత్తిరించి అతకనవసరం లేదు. వాలుగా మడిచి దిశ మార్చాలి. దాని మీద హెచ్చరిక ముద్రించిన టేపు అంటించాలి. తరువాత కార్పెట్ బిగించేవారు తెలియక మేకు దించితే ఏర్పాటంతా మూగబోతుంది.

పని జరిపించే కమిటీవారు ఈ క్రింది అంశాలను రాసి ఉంచుకుని, ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి.

తీగ మొదలు, చివర రెండూ ఒకేచోటికి రావాలి. అక్కడి నుంచి ఆంప్లిఫయర్ దాకా ఆ రెండు తీగలనూ జడలా మెలిపెట్టి తీసుకుపోవాలి. అప్పుడు ఆ భాగంలో క్షేత్రం పుట్టదు.

నేలలో పూడ్చే తీగకు మధ్యలో అతుకు ఉండరాదు. తీగను ప్లాస్టిక్ పైపులోనే వేయాలి. ఇనుప పైపు పనికిరాదు.

మైకు తీగలకూ లూప్ తీగకూ మధ్య దూరం ఉంచాలి. అవి పక్కపక్కనే సాగితే లూప్‌లోని సంకేతం మైకులో చొరబడి కూత పుడుతుంది. ఒకదానిని ఒకటి దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి. కరెంటు తీగలతోనూ ఇదే జాగ్రత్త.

టైల్స్ వేయకముందే తీగ తెగలేదని, ఎర్త్‌కు ఎక్కడా తగలడం లేదని మీటర్‌తో పరీక్షించాలి. పని పూర్తయ్యాక పరీక్షిస్తే, లోపం దొరికినా నేల పగలగొట్టవలసి వస్తుంది.

తీగ వెళ్లిన దారిని కొలతలతో గీయించి, ఒక ప్రతిని ఆంప్లిఫయర్ పెట్టె తలుపు లోపల అంటించాలి. పదేళ్ల తరువాత నేలకు రంధ్రం వేసే మనిషికి ఆ పటమే దిక్కు.

మహిళల విభాగం, పక్క గదులు

మహిళల నమాజు స్థలం చాలాచోట్ల పై అంతస్తులోనో తెర వెనుకనో ఉంటుంది. అక్కడివారికి ఖతీబ్ కనిపించరు. వినికిడి తగ్గినవారికి మాట్లాడేవారి పెదవుల కదలిక ఎంతో ఆసరా. ఆ ఆసరా కూడా వారికి లేదు. ఒక మూలన ఉన్న స్పీకరే వారికి ఆధారం. కనుక లూప్ అవసరం ఎక్కడైనా అందరికన్నా ఎక్కువగా ఉందంటే అది మహిళల విభాగంలోనే. పురుషుల హాలుకు వేశాక మిగిలితే చూద్దామనే ధోరణి తగదు. రెండు విభాగాలకూ ఒకేసారి ప్రణాళిక వేయాలి. కింది లూప్ క్షేత్రం పైకి కొంత చేరుతుంది కదా అని దానితో సరిపెట్టరాదు. అలా చేరేది ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది.

క్షేత్రానికి గోడలు అడ్డం కావు. ఖుత్బా బయటకు చిమ్మినా నష్టం లేదు. కాని మస్జిద్‌కు ఆనుకుని మద్రసా తరగతి గది ఉండి అందులో వేరే లూప్ ఉంటే, ఒకదాని మాట మరొకదానిలో కలుస్తుంది. ఇంకొక ముఖ్యమైన విషయం. కొన్ని మస్జిదులలో కుటుంబ కలహాలు, విడాకుల వివాదాలు పరిష్కరించే సలహా కేంద్రాలున్నాయి. అటువంటి గదిలో మామూలు లూప్ వేస్తే, లోపలి రహస్యం పక్క గదిలో 'టి' స్థానంలో యంత్రం పెట్టుకుని కూర్చున్నవారి చెవిన పడవచ్చు. అక్కడ బల్ల మీద పెట్టుకునే చిన్న లూప్‌ను వాడి, అది ఎంత దూరం వినిపిస్తుందో గోడ అవతలికి వెళ్లి పరీక్షించాలి.

కొలిచి చూసిన తరువాతే పూర్తి

ఆంప్లిఫయర్ మీద పచ్చదీపం వెలిగితే పని పూర్తయినట్లు కాదు. ఐఈసీ 60118-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ఏది సరైన లూప్ అనేదానికి కొలతలు నిర్ణయించింది. పైన పేర్కొన్న 400 మిల్లీఆంపియర్ల తీవ్రత అందులో మొదటిది. జనం కూర్చునే ప్రదేశమంతటా తీవ్రతలో హెచ్చుతగ్గులు 3 డెసిబెళ్లకు మించకూడదనేది రెండవది. 100 నుంచి 5000 హెర్ట్జ్‌ల వరకు ధ్వనులన్నీ దాదాపు సమంగా రావాలనేది మూడవది. వెనుక వినిపించే గోల, మాటకన్నా కనీసం 32 డెసిబెళ్లు తక్కువగా ఉండాలనేది నాలుగవది. 47 డెసిబెళ్లు తక్కువైతే ఉత్తమం. క్షేత్రాన్ని కొలిచే మీటర్‌తో సఫ్ వెంట సఫ్ తిరిగి వీటిని నమోదు చేసి, ఆ పత్రాన్ని కమిటీకి ఇచ్చిన తరువాతే గుత్తేదారుకు చివరి చెల్లింపు జరగాలి.

ఆ తరువాత గుర్తు పెట్టాలి. చెవి బొమ్మ, దాని మీద ఏటవాలు గీత, పక్కన 'టి' అక్షరం ఉండే నీలిరంగు చిహ్నం ప్రపంచమంతటా తెలిసినది. దానిని గుమ్మం దగ్గర అతికించాలి. ఏయే సఫ్‌లలో బాగా వినిపిస్తుందో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. ఇమామ్‌గారికీ ముఅజ్జిన్‌గారికీ దీని సంగతి తెలిసి ఉండాలి. ప్రతి జుమాకు ముందు ఒకరు రిసీవర్‌తో విని చూడాలి. అటువంటి రిసీవర్లు రెండు మూడు అదనంగా ఉంటే, టెలికాయిల్ లేనివారికి కూడా ఇవ్వవచ్చు.

మైకు సంగతి మరువరాదు. లూప్ మైకు పట్టినదాన్ని మాత్రమే మోస్తుంది. ఖతీబ్ మైకుకు దూరంగా జరిగి మాట్లాడితే లూప్ ఆ దూరాన్ని సరిచేయలేదు. సభలలో వెనుక నుంచి ప్రశ్న అడిగేవారికి కూడా మైకు అందించాలి.

ఇంటివారు చేయవలసినది

మస్జిద్‌లో లూప్ ఉన్నా, యంత్రంలో టెలికాయిల్ లేకపోతే ప్రయోజనం లేదు. చెవి రంధ్రంలో పూర్తిగా ఇమిడిపోయే మరీ చిన్న యంత్రాలలో చాలావాటికి అది ఉండదు. కొన్నింటిలో ఉన్నా, యంత్రాన్ని అమర్చేటప్పుడు దానిని పనిచేయించరు. అమ్మానాన్నలకు యంత్రం కొనేటప్పుడు "ఇందులో టెలికాయిల్ ఉందా? 'టి' కార్యక్రమం పెట్టారా?" అని పిల్లలే అడగాలి. బ్లూటూత్ ఉందని సరిపెట్టుకోరాదు. అది వేరు, ఇది వేరు. కాక్లియర్ ఇంప్లాంట్లలో చాలావాటికి టెలికాయిల్ ఉంటుంది.

ఇంట్లోనూ చిన్న లూప్ వేసుకోవచ్చు. ఒక గదికి సరిపడే చిన్న ఆంప్లిఫయర్‌ను టీవీకి కలిపి, గోడ అడుగున తీగ తిప్పితే, పెద్దలు తమకు కావలసినంత స్థాయిలో తఫ్సీర్ ప్రసంగాలు, వార్తలు వింటారు. ఇంటిల్లిపాదికీ టీవీ మోత తప్పుతుంది.

పరీక్షల విషయంలో తెలుగువారికి అందుబాటులో ఉన్న ఒక సంస్థను ఇక్కడ పేర్కొనాలి. వాక్కు, వినికిడి లోపాల కోసం 1983లో ముంబయిలో ఏర్పడిన జాతీయ సంస్థకు హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా విశ్వవిద్యాలయ పూర్వ ఉపకులపతి నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పూర్తిగా వినికిడి లేనివారికి, సైగల భాషలో సంభాషించేవారికి లూప్ ఉపకరించదు. వారికి సైగల భాషలో అనువదించేవారు, తెర మీద అక్షరాలు కావాలి. లూప్ వేశామన్న తృప్తిలో వారిని మరచిపోరాదు.

ఎప్పుడు, ఎవరి బాధ్యత?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలను నిర్వచిస్తూ, మతపరమైన కార్యక్రమాలకు వినియోగించే భవనాలను కూడా అందులో చేర్చింది. అంటే అందరికీ అందుబాటు అనే నియమం ప్రార్థనా స్థలాల గడప దగ్గర ఆగిపోదు. అయితే మనకు చట్టం గుర్తు చేయవలసిన అవసరం ఉండకూడదు. చూపు లేని హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కు దైవప్రవక్త ముహమ్మద్ (స) అజాన్ పలికే గౌరవాన్ని అప్పగించారు. శరీరంలోని లోటు మనిషిని జమాఅత్‌కు దూరం చేయకూడదన్న పాఠం మనకు మొదటి మస్జిద్ నుంచే అందింది.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ పనికి సరైన సమయం శ్లాబు మీద నేల పని మొదలుకాకముందు, లేదా పాత కార్పెట్ తీసి కొత్తది వేయడానికి ముందు. ఆ రోజు తీగ వేయడానికి అయ్యే ఖర్చు రాగి వైరు, ప్లాస్టిక్ పైపు ధర, ఒకటి రెండు రోజుల కూలి మాత్రమే. ఆంప్లిఫయర్‌కు నిధులు లేకపోతే దానిని తరువాత కొనవచ్చు; తీగ చివరలను గోడ పెట్టెలో భద్రంగా ఉంచితే చాలు. నేల పూర్తయ్యాక అదే పని చేయాలంటే టైల్స్ పగలాలి, లేదా కార్పెట్ మళ్లీ లేవాలి. అప్పుడు "వచ్చే ఏడు చూద్దాం" అనే మాట వస్తుంది. పెద్దల విషయంలో ఎన్ని వచ్చే ఏళ్లు మిగిలి ఉన్నాయో ఎవరికి తెలుసు?

మీ మస్జిద్‌లో ఈ సంవత్సరం నిర్మాణమో మరమ్మతులో జరుగుతున్నట్లయితే, రానున్న కమిటీ సమావేశంలో ఈ అంశాన్ని చర్చకు పెట్టండి. ఇంజినీర్‌గారు గీసిన పటంలో దీపాలకు, పంకాలకు, స్పీకర్లకు గీతలుంటాయి. వాటి పక్కన హాలు చుట్టూ మరొక్క గీత గీయించండి.